మొదటి ముద్ద

హాజీ బెన్నాసర్ ఈ ఏడు ఎప్పుడు తప్పు చేస్తాడా అని మా ఊరు ఊరంతా కాచుకుని కూర్చునేది. నవ్వకండి. నలభై గడపల ఊరు. పండక్కి తప్ప మాంసం మొహం చూడని ఇళ్ళే ఎక్కువ. హాజీ తప్పు చేస్తే ఊరందరికీ భోజనం.

ఊరి పైన, కొండ భుజం మీద, తిజ్గీ అనే ఉమ్మడి పచ్చిక ఉంది. మంచు కరిగిన రోజు నుంచి దాన్ని మూసేస్తారు. గడ్డి పూసి, విత్తు రాలి, మళ్ళీ ఏటికి సరిపడా నేలలో పడేదాకా ఒక్క డెక్క కూడా అందులో మోపకూడదు. ఎండాకాలం నడిమధ్య ఊరి సభ ఒక రోజు పెడుతుంది. ఆ రోజు తెల్లవారాక మందలన్నీ ఎక్కుతాయి. అంతకుముందే ఎక్కితే తప్పు. తప్పుకు శిక్ష ఒక్కటే: ఒక జీవాన్ని కోసి, రవ్వతో చేసే కుస్కుస్ వండి, నలభై గడపలకూ పెట్టాలి. ఉన్నవాడికీ అదే, లేనివాడికీ అదే. అందరికీ ఒకటే చట్టమని మా పెద్దలు పొరుగూళ్ళవాళ్ళ ముందు గడ్డాలు నిమురుకుంటూ చెప్పుకునేవారు.

హాజీకి నాలుగు వందల గొర్రెలు. ఏటా అందరికంటే నాలుగు రోజుల ముందు వాటిని తోలేవాడు. పూత మీదున్న లేత గడ్డి తిని అవి నున్నగా బలిసేవి. అందులో ఒకటి కుండలోకి పోయేది. శిక్ష కాస్తా విందైంది. "ఎంత పెద్ద చెయ్యి!" అని తిన్నవాళ్ళు మూతులు తుడుచుకుంటూ హాజీని మెచ్చుకునేవారు. ఇందులో వంకర ఎక్కడుందో ఇన్నేళ్ళూ ఎవరికీ కనిపించలేదు. కడుపు నిండినప్పుడు కళ్ళు మూతలు పడతాయి మరి.

ఆ ఏడు గడ్డిపెద్దగా సెక్కూను ఎన్నుకున్నారు. పేరుకు పెద్దరికమే గాని మూడు నెలలు కొండ మీద రాతి గుడిసెలో ఒంటరిగా పడుండి పచ్చికను కాచే చాకిరీ అది. అందుకే ఆ పదవి ఎప్పుడూ లేనివాడి నెత్తినే పడేది. సెక్కూకు ఆరు గొర్రెలు. హాజీ బార్లీ చేను దున్ని, పండినదాంట్లో ఐదో వంతు తెచ్చుకుని పెళ్ళాంబిడ్డల్ని సాకుతున్నాడు. గడ్డిపెద్ద ఊరి పుణ్యపురుషుడైన వలీ సమాధి మీద చెయ్యి పెట్టి, చూసింది దాచనని ప్రమాణం చెయ్యాలి. సెక్కూ చేశాడు. ఇంకొక్క మర్యాద కూడా ఉంది గడ్డిపెద్దకు. తప్పు భోజనంలో మొదటి ముద్ద అతనిదే. అతని చెయ్యి పళ్ళెంలో పడితేనే తప్పు తీరినట్టు, ఆ తరవాతే మిగతావాళ్ళు తినాలి.

పచ్చిక తెరవడానికి ఇంకా మూడు వారాలుందనగా ఒక సాయంత్రం కొండ మీద పెద్ద ఉరుము ఉరిమింది. మర్నాడు పొద్దున్నే సెక్కూ ఊట దగ్గరికి పోతే, మెడలో తెగిన తాడుతో ఒక నల్లమేక నిలబడి నింపాదిగా గడ్డి మేస్తోంది. దాన్ని అతను చూడగానే గుర్తుపట్టాడు. ఇజ్జా మేక. మొగుడు పోయిన ఇజ్జాకు ఉన్న ఆస్తి ఆ పాలమేక, దాని రెండు నెలల పిల్ల, అంతే. చుట్టూ చూశాడు. మనిషి జాడ లేదు. ఒక్క అదిలింపు అదిలిస్తే మేక కిందికి పోయేది, ఎవరికీ తెలిసేది కాదు. అతనికి ప్రమాణం గుర్తొచ్చింది. మేకను పట్టుకుని ఊళ్ళోకి నడిపించాడు.

ఇజ్జా గడపలోనే ఎదురొచ్చింది. మేకను చూడగానే ఆమె మొహం విప్పారింది.

"దొరికిందా తమ్ముడూ! తెల్లారిన కాణ్ణించి వెతకతా ఉండా. నీ కడుపు చల్లగుండ, యాడ దొరికింది?"

సెక్కూ తల వంచుకున్నాడు. "ఊట కాడ, అక్కా."

ఊట పచ్చికలో ఉందని ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. ఇజ్జా మొహంలో వెలుగు మెల్లగా దిగిపోయింది. ఆమె ఏడవలేదు, బతిమాలలేదు. మేక మెడలో తెగిన తాడు ముక్క విప్పి, చుట్టచుట్టి, గూట్లో పెట్టింది.

"ఎప్పుడు పెట్టమంటారు భోజనం?" అని మాత్రం అడిగింది.

నలభై మంది మగవాళ్ళు, ఒక్క బక్కమేక. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు పిండి పోగేస్తే కుస్కుస్ అయితే వచ్చింది గాని, పులుసులో ముక్క కోసం వేళ్ళు వెతుక్కోవలసి వచ్చింది. ఊరందరినీ నవ్వించే హమ్మూ నోరు ఊరుకుంటుందా?

"ఒరేయ్, మేక పులుసులో మునిగిపోయింది! ఎవడన్నా ఈతగాణ్ణి పిలవండ్రా!"

అందరూ పగలబడి నవ్వారు. సెక్కూ అప్పటికే బిస్మిల్లా అని మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఉన్నాడు, అతను నవ్వలేకపోయాడు. గడపలో ఇజ్జా నిలబడి ఉంది. చంకలో మేకపిల్ల. గంజిలో ముంచిన పేలికను దాని నోట్లో పెడుతోంది. అది చప్పరించి, ఇది కాదన్నట్టు వదిలేసి, మళ్ళీ చప్పరిస్తోంది. అందరూ లేచి పోతున్నప్పుడు ఆమె సెక్కూను ఆపి, ఇంటికొచ్చిన చుట్టాన్ని అడిగినట్టు అడిగింది.

"ఉప్పు సరిపోయిందా తమ్ముడూ?"

ఆ మాట అతన్ని కొండ మీద కూడా వదల్లేదు.

అనుకున్నట్టే, పచ్చిక తెరవడానికి నాలుగు రోజుల ముందు హాజీ మంద ఎక్కింది. దొంగచాటుగా కాదు, గంటలు మోగించుకుంటూ, పెళ్ళి ఊరేగింపులాగా ఎక్కింది. సెక్కూ పరుగెత్తుకుంటూ వెళ్ళేసరికి హాజీ తివాచీ పరుచుకుని టీ కాస్తున్నాడు. మంద నడిచినంత మేరా తెల్లపూలు ఒక్కటి మిగల్లేదు. నాలుగు వందల మూతులు ఒక్కసారిగా కోస్తుంటే ఆ చప్పుడు వాన చప్పుడులాగా ఉంది.

"రారా సెక్కూ, రా! నీ కోసమే ఎక్కువ పుదీనా వేసినా. చూసినావు గదా? పో, సభలో చెప్పుకో. ఈసారి ఒకటి గాదు, రెండు కోస్తాలే. ఊరోళ్ళు కడుపారా తినాల."

"మందను దించు హాజీ."

"దించుతా, దించుతా. తెరిచే ముందు రోజు దించుతా. తప్పు కట్టేవాణ్ణి, ఎగ్గొట్టేవాణ్ణా నేను? పోయినేడు గడ్డిపెద్ద ఇట్టా మొహం మాడ్చుకోలేదబ్బా, కూచోని మూడు గ్లాసులు తాగిపోయినాడు."

సెక్కూ టీ తాగలేదు. కిందికి దిగి సభకు చెప్పాడు. ఊరు సంబరపడింది. రెండు గొర్రెలట!

పచ్చిక తెరిచే ముందు రోజే భోజనం. ఆ పొద్దున అతని భార్య తూదా అతనికి ఉతికిన జుబ్బా అందిస్తూ మొహంలోకి తేరిపార చూసింది. పదిహేనేళ్ళ కాపురం, ఆమెకు అతని మౌనాలన్నీ కంఠతా వచ్చు.

"ఏందయ్యా, అట్టుండావు? పచ్చికంతా పాయెనని దిగులా? నీ అబ్బ సొమ్మా? ముద్ద నోట్లో పెట్టుకోని, అల్లా పేరు చెప్పుకోని రా. ఆ చేను మీద ఆరు నోళ్ళుండాయి మనకు."

"తెలుసు."

"తెలిస్తే అట్ట చూడబాక. నాకు భయమేస్తది."

హాజీ ముంగిట్లో తివాచీలు పరిచారు. ఐదు పెద్ద పళ్ళేలు, పళ్ళేనికి ఎనిమిది మంది. బియ్యపు గింజలా విడివిడిగా ఆవిరి మీద ఉడికిన కుస్కుస్, నడుమ గుంటలో కరిగిన వెన్న, పైన ఎండుద్రాక్ష, దానిపైన రెండు గొర్రెల మాంసం గుట్టగా. ఆ వాసనకు హమ్మూ కళ్ళు మూసుకుని ఊగిపోతున్నాడు. మర్యాద కోసం హాజీ తనే కెటిలు పట్టుకుని సెక్కూ చేతుల మీద నీళ్ళు పోశాడు. వంటింటి వాకిట్లో ఆడవాళ్ళు నిలబడి చూస్తున్నారు. అందులో ఇజ్జా కూడా ఉంది. హాజీ ఇంట్లో పెద్ద వంటంటే కుస్కుస్ పిండి నలిపేది ఆమె చేతులే. మోచేతుల దాకా తెల్లగా పిండి అంటుకుని ఉంది.

నిజం చెప్పాలంటే అప్పటిదాకా సెక్కూ ఏమీ నిర్ణయించుకోలేదు. చెయ్యి చాపాడు. వేళ్ళకు ఆవిరి తగిలింది.

"ఊఁ, కానియ్," అన్నాడు హాజీ హుషారుగా. "ఉప్పు సరిపోయిందో లేదో చూసి చెప్పు."

సెక్కూ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. తరవాత మెల్లగా వెనక్కి వచ్చి ఒళ్ళో పడింది.

"నాకు ఆకలిగా లేదు హాజీ."

మొదట అందరూ నవ్వారు. హమ్మూ, "నీ ఆకలి కూడా నాకియ్యిరా, ఇద్దరిదీ తింటా," అన్నాడు. సెక్కూ మాత్రం కదల్లేదు. నవ్వు పళ్ళెం పళ్ళేనికీ చల్లారుతూ పోయింది.

"ఏంరా, ఒంట్లో బాగలేదా?" అన్నాడు హాజీ.

"బాగానే ఉంది. మూడు వారాల కింద ఇదే చేత్తో ఇజ్జక్క మేకను తిన్నా. ఆ పొద్దు నించి ఆమె ఇంట్లో పాలు లేవు. మేకపిల్ల పేలిక చప్పరిస్తా ఉంది. మరి ఈ రెండు గొర్రెలు తింటే రేపు నీ ఇంట్లో ఏం లేకుండా పోతది హాజీ? అది చెప్పు, తింటా."

హాజీకి కోపం వచ్చింది. 

"చట్టంలో ఏముందిరా? ఒక జీవం అని ఉంది. నేను రెండు కోసినా. ఇంకా నేనే తప్పా?"

"నేను తప్పనలా. ఆకలి లేదన్నా. నాకు ఆకలుండాలని చట్టంలో లేదు గదా."

"ఒరే, చేను యెవరిదో గుర్తుందా నీకు?"

ఇంతమంది ముందు ఆ మాట అనకుండా ఉండాల్సింది హాజీ.  తూదా మొహం, ఆరు నోళ్ళు సెక్కూ కళ్ళ ముందు తిరిగాయి. "గుర్తుంది," అన్నాడు. చెయ్యి మాత్రం ఒళ్ళోంచి లేవలేదు. తన చెయ్యేనా అని అతనే దాన్ని వింతగా చూసుకున్నాడు.

హాజీ మిగతావాళ్ళ వైపు తిరిగాడు. "వాడి సంగతి వదిలెయ్యండి! చల్లారిపోతాంది, తినండి! హమ్మూ, నువ్వు మొదలెట్టు!"

హమ్మూ చెయ్యి సగం దూరం వెళ్ళింది. ఊళ్ళో వాడంత తిండిపోతు లేడు. చెయ్యి అక్కడే ఆగింది. వాడు ఒకసారి సెక్కూను చూశాడు, ఒకసారి వంటింటి వాకిలిని చూశాడు. తరవాత రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాడు.

ఎవరూ తినలేదు. నలభై మంది, కడిగిన చేతులతో, నోరూరుతున్న నోళ్ళతో, ఘుమఘుమలాడే పళ్ళేల ముందు కూర్చుని ఒక్కరు కూడా తినలేదు.  సెక్కూ తను ఒక్కడే నిలబడి ఒక్కడే పడిపోతాననుకున్నాడు. ఈ మనుషులే కదా మేక మునిగిపోయిందని నవ్వింది! ఇంత నిబ్బరం వీళ్ళలో ఎక్కడ దాగి ఉందో అతనికి అంతుపట్టలేదు. ఆవిరి పలచబడింది. వెన్న అంచుల నుంచి తెల్లగా గడ్డకట్టడం మొదలుపెట్టింది. మసీదు నుంచి పొద్దువాలు నమాజు పిలుపు వినపడింది. ఒక్కరూ లేవలేదు.

అప్పుడు సభకు పెద్ద, తొంభై ఏళ్ళ ముసలి జైద్, కర్ర నేల మీద ఆన్చి గొంతు సవరించుకున్నాడు.

"హాజీ, గడ్డిపెద్ద ముద్ద తినకుంటే తప్పు తీరదు. తప్పు తీరని మంద రేపు పచ్చిక ఎక్కదు. అది గూడా చట్టమే నాయనా. మా తాతల నాటిది. ఇంతవరకు ఎవడూ తినకుండా ఉండలా, అంతే."

హాజీ నాలుగు దిక్కులా చూశాడు. రెండు గొర్రెల్ని కోసినవాడు, ఏటా పొగడ్తలు మోసుకుపోయినవాడు, తన ముంగిట్లోనే ఒంటరివాడైపోయాడు.

"సరే, ఏం కావాలో చెప్పమను వాణ్ణి. పది కొయ్యాల్నా? ఇరవయ్యా?"

అందరూ సెక్కూ వైపు చూశారు. అతనికి ఏం చెప్పాలో తెలియదు. తినకూడదని తెలిసింది గాని, ఆ తరవాత ఏమిటో అతను ఆలోచించనే లేదు.

"నాకు తెలవదు, జైద్ తాతా. పోగొట్టుకున్న మనిషిని అడగండి."

వంటింటి వాకిట్లో ఆడవాళ్ళు పక్కకు జరిగారు. ఇజ్జా ఒక్కతే మిగిలింది. పిండి చేతులు కొంగుకు తుడుచుకుంది. సభలో ఆడది మాట్లాడటం మా ఊళ్ళో అదే మొదలు. ఆమె గొంతు పెంచలేదు.

"హాజీ మంద ఎన్ని దినాలు మేసింది?"

"నాలుగు," అన్నాడు సెక్కూ.

"అయితే నాలుగు దినాలు ఆగమనండి. అందరూ ఎక్కినాక నాలుగు దినాలు కిందనే నిలబెట్టుకోమనండి. కొయ్యడం, పెట్టడం ఎందుకు? వంద ఉన్నోడి గొర్రెకైనా, ఒకటి ఉన్నోడి గొర్రెకైనా ఆకలి ఒకటే గదా తాతా."

 ఇంత చిన్న మాట! ముసలి జైద్ కర్ర మీద గడ్డం ఆన్చి ఇజ్జా వైపు చూశాడు. తొంభై ఏళ్ళలో తనకు తట్టని మాట, తన తాతలకు తట్టని మాట, పిండి చేతుల మనిషికి తట్టింది. హమ్మూ, నోటి దురద కొద్దీ కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

"మరి ఆ లెక్కన నీ మేకకు, ఇజ్జక్కా?"

ఇజ్జా కాస్త ఆలోచించింది.

"ఒక్క పూట," అంది. "ఆ పొద్దుటి పూటే గదా అది మేసింది. మధ్యాన్నానికి ఇంటికొచ్చేది."

ఆమె ఆ మాట ఎవరినీ నిష్ఠూరంగా అనలేదు. అయినా నలభై మందికీ ఆ మేక కళ్ళ ముందు నిలబడింది. ఒక్క పూట బయట కట్టేసి ఉండి, మధ్యాహ్నం ఇంటికి పోయి పిల్లకు పాలిచ్చే మేక. దాన్ని వాళ్ళు తిన్నారు. ముక్క దొరకలేదని ఎగతాళి చేస్తూ తిన్నారు. హమ్మూ తన జుబ్బాకు కుట్టిన టోపీని కళ్ళ మీదికి లాక్కున్నాడు. దాని కింద వాడి గడ్డం తడిసిపోయింది.

"అట్నే కానియ్యండి. నాలుగు దినాలు," అంటూ జైద్ లేచాడు. ఆయన వెనక అందరూ లేచారు. ఒక్కొక్కరూ చెప్పులు వెతుక్కుని, ఖాళీ కడుపులతో గేటు దాటి వెళ్ళిపోయారు. ఐదు పళ్ళేలూ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. సెక్కూ చివరగా లేచాడు. హాజీ అతని మొహం చూడకుండానే, "కోతలైనాక చేను దగ్గరికి రామాక," అన్నాడు. అన్నట్టే చేశాడు కూడా. ఆ చేను ఆ ఏడాదే ఇంకొకరి చేతికి పోయింది. తూదా రెండు రోజులు మొగుడితో మాట్లాడలేదు. మూడో రోజు మాట్లాడింది, ఆ తరవాత ఆపలేదు. దాన్ని దాచి అంతా సుఖాంతమని చెప్పడం నాకు చేతకాదు.

మర్నాడు తెల్లవారింది. తిజ్గీ అంచున మందలన్నీ వరసకట్టాయి. కనుచూపు మేర గొర్రెలు, మేకలు, దుమ్ము, కుక్కలు, తలపాగాలు. కింద ఎండిన వాగులో హాజీ నాలుగు వందల గొర్రెలు ఆగి ఉన్నాయి. నాలుగు రోజులుగా లేత గడ్డికి అలవాటుపడిన జీవాలు, పైకి చూస్తూ ఒక్కటే అరుపు. హాజీ వాటి మధ్య, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాడు. అంతమంది ముందు మందను తోలే ధైర్యం ఆయనకు చాలలేదు.

సెక్కూ బండ ఎక్కాడు. పేర్లు పిలిచేది గడ్డిపెద్దే, పిలిచిన మంద ఎక్కాలి. ఎన్నేళ్ళ నుంచో మొదటి పేరు హాజీదే. సెక్కూ ఊపిరి పీల్చుకుని, కొండ దద్దరిల్లేలా పిలిచాడు.

"ఇజ్జా!"

ఇజ్జా ముందుకు వచ్చింది. చంకలోంచి మేకపిల్లను దించి పచ్చిక అంచున నిలబెట్టింది. పేలిక చప్పరించి బతికిన ప్రాణం, పక్కటెముకలు కనబడుతున్నాయి. అది నాలుగు కాళ్ళ మీద వణుకుతూ నిలబడి వెనక్కి చూసింది. దాని వెనక ముప్పై ఎనిమిది మందలు. కాపరులు కర్రలు అడ్డం పెట్టి, చేతులు చాచి, పోట్లాడే పొట్టేళ్ళను కొమ్ములు పట్టి ఆపుతున్నారు. ఒక్క జీవాన్ని కూడా కదలనివ్వలేదు. కుక్కలు కూడా అరవడం మానేశాయి. అంత పెద్ద కొండ, అన్ని వేల ప్రాణాలు, ఒక్క పిల్ల కోసం ఆగి ఉన్నాయి.

మేకపిల్ల రెండడుగులు వేసింది. వాసన చూసింది. తల వంచి, ఒక గడ్డిపోచ తెంపి నమిలింది.

సెక్కూ రెండో పేరు పిలవాలి. అందరూ అతని వైపే చూస్తున్నారు. మేకపిల్ల రెండో పోచ తెంపేదాకా అతను ఆగాడు.